ఐసులో వచ్చిన ప్లేట్‌లెట్లు

మా చెల్లికి డెంగీ వచ్చి చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే, వెంటనే ప్లేట్‌లెట్లు ఎక్కించాలన్నారు. టెక్కలిలో మేం చేర్చిన ఆస్పత్రిలో అవి ఉండవు, శ్రీకాకుళం బ్లడ్ బ్యాంకు నుంచి తెచ్చుకోవాలి. నాన్న లేచాడు. మా మరిదిని, అంటే చెల్లి మొగుణ్ణి, తోడు తీసుకెళ్లమంటే, చేపల గంపలు మోసినోడికి ఒక సంచి బరువా అని నా మీదే కసిరాడు.

మధ్యాహ్నం దాటాక చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. చేతిలో థర్మాకోల్ పెట్టె.

"సూడమ్మా, నిండా ఐసెట్టి తెచ్చినాను. ఇంత ఎండలోనూ పాడవ్వలేదు."

వేట చేపని బజారు దాకా చెడకుండా చేర్చడమే ఆయన బతుకంతా చేసిన పని. ఐసు లేకుండా ఏదైనా నిలవుంటుందంటే నవ్వుతాడు. బ్లడ్ బ్యాంకులో చెప్పే ఉంటారు. ఆయన తల ఊపే ఉంటాడు.

నర్సు మూత తీసి చూసి, పెట్టె లోపలికి పట్టుకెళ్లి నన్ను పిలిచింది. రక్తమైతే ఫ్రిజ్‌లో పెడతారట గానీ, దాన్నుంచి వేరు చేసిన ప్లేట్‌లెట్లు మనం కూర్చునే ఏసీ గదిలాంటి చోటే ఉండాలట. యంత్రం మీద మెల్లగా ఊపుతూ ఉంచుతారట. ఐసు తగిలినవి ఎక్కించినా ఒంట్లో నిలవవంది. సంచిలో ఆ పసుపు ద్రవం పైకి బాగానే కనిపిస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది, కానీ ఎవరి మీద కోప్పడను?

బ్లడ్ బ్యాంకులో సిద్ధంగా ఉన్నది అదొక్కటే. ఇంకోటి కావాలంటే దాతని వెతికి, రక్తం తీసి, పరీక్షలు చేసి, యంత్రంలో తిప్పి వేరు చేయాలి. మరిది బండేసుకుని పరుగెత్తాడు. ఇంకో సంచి కూడా కావాలన్నారని నాన్నకి చెప్పాను. మొదటిది ఎక్కించేశారనే అనుకున్నాడాయన.

చెల్లి కళ్లు తెరిచి నా చెయ్యి పట్టుకుంది. "నాన్న తెచ్చీసినాడు కదక్కా, ఇంకేటి బయం," అంది. దాని నుదురు నిమురుతూ కూర్చున్నాను.

మరిది రెండో సంచి తెచ్చేసరికి చెల్లి లేదు.

పరామర్శకి వచ్చిన ప్రతివాళ్లకీ నాన్న ఒకటే మాట చెప్పాడు. ఇప్పటికీ ఎవరు అడిగినా చెబుతాడు.

"నాను ఒక్క సుక్క పాడవనీకుండా తెచ్చినాను. దానికే ఆయుస్సు లేదు."

మరిది లేచి బయటికి పోతాడు. నేను, అవును నాన్నా, అంటాను.