నేను చదవకుండా తిప్పిన పేజీ

మేడమ్ పోయారని వాళ్ళ ఎదురింటి ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను లాలాపేటలో మా ఇంటి ముందు నల్లా నీళ్ళు పడుతున్నాను. "రాత్రి హాస్పిటల్‌కి తీసుకెళ్ళామమ్మా, పొద్దున ఐదింటికి ప్రాణం పోయింది" అన్నారావిడ. బిందె నిండి పొర్లుతున్నా నేను చూసుకోలేదు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు నా కళ్ళముందుకొచ్చింది నీలం అట్ట నోటుపుస్తకం, అందులో ఒక పేజీ. ఆ పేజీ సంగతి ఇక ఆమెకు ఎప్పటికీ చెప్పలేను.

మేడమ్ జ్ఞాపకంగా వేస్తున్న ఈ పుస్తకంలో రాస్తున్నవాళ్ళంతా యూనివర్సిటీలో ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు. నేను ఏడో తరగతితో ఆగిపోయినదాన్ని. ఆమె దగ్గర చదువుకోలేదు, ఆమెకు చదివి వినిపించాను. "నువ్వు గూడ రాయాలె అక్కా" అని తన రీసెర్చ్ కోసం మేడమ్ ఇంటికి వస్తుండే అమ్మాయి పట్టుబట్టింది. నలుగురిలో నాకు నోరు పెగలదు, అందుకే కాగితం మీద చెప్తున్నాను. ఆమె మంచితనం చెప్పి నా తప్పు దాచుకుంటే మళ్ళీ అదే పని చేసినట్టవుతుంది. కాబట్టి రెండూ రాస్తాను.

తార్నాకలో మేడమ్ ఇల్లు రెండో అంతస్తులో. పెళ్ళై హైదరాబాద్ వచ్చిన ఏడాదికి ఆ ఇంట్లో వంటకు కుదిరాను. మా ఆయన క్యాంపస్ హాస్టల్‌లో కరెంటు పనులు చేస్తాడు, అక్కడెవరో చెబితే నన్ను తీసుకెళ్ళి పెట్టాడు. మేడమ్‌ది గుంటూరు వైపు ఊరు. పెళ్ళి చేసుకోలేదు, రిటైరై చాలా కాలమైంది. గ్లకోమాతో చూపు దాదాపు పోయింది. వెలుతురు, నీడ మాత్రం తెలిసేవి. గోడకు చెయ్యి ఆనించుకుంటూ నడిచేవారు. వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుందో నాకంటే ఆమెకే బాగా తెలుసు. కారం డబ్బా నేను ఒక్క జానెడు జరిపినా, "ఇది ఇక్కడ ఉండదే!" అనేవారు.

ఒకరోజు అల్మారా అరల్లో పాత పేపర్లు పరుస్తూ నాలో నేను చదువుకుంటున్నాను. ఆమె గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారని చూడలేదు.

"ఏంటమ్మా గొణుగుతున్నావు?"

"ఏం లేదు మేడమ్. పేపర్ల ఉన్నది చదువుతున్న."

"నీకు చదవడం వచ్చా? ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీరు అడగలే కదా."

ఆమె పెద్దగా నవ్వారు. "సరే, గట్టిగా చదువు."

నేను మార్కెట్‌లో పల్లీల ధర చదివాను. దొడ్డు బియ్యం ధర, సన్న బియ్యం ధర కూడా చదివాను. ఆమె అంతా శ్రద్ధగా విని, "రేపటినుంచి వంట తొందరగా ముగించు. నీతో పనుంది" అన్నారు.

ఆ పని నోటుపుస్తకాలు. మేడమ్ వయసులో ఉన్నప్పుడు ఇండోనేషియాలో, జావా అనే దీవిలో, ఒక చిన్న వ్యవసాయపు పల్లెకు వెళ్ళి రెండేళ్ళు ఉన్నారు. తర్వాత కూడా చాలాసార్లు వెళ్ళారు. ఆ ఊళ్ళో పొలాలు ఎవరివి, ఎలా పంచుకుంటారు, ఎవరు కోస్తారు, ఎవరు తింటారు, ఇదీ ఆమె చదువు. చూసిందీ విన్నదీ అన్నీ నోటుపుస్తకాల్లో రాసుకున్నారు, అదీ తెలుగులో.

"ఇంగ్లీషు వచ్చు కదా మేడమ్, తెలుగుల ఎందుకు రాసిన్రు?"

"ఎవరి భూమి ఎవరు కలుపుకున్నారో, ఎవరు నాకు చెప్పారో, అన్నీ ఉన్నాయమ్మా ఇందులో. ఎవరి చేతికైనా చిక్కితే కొంపలంటుకుంటాయి. ఆ ఊళ్ళో తెలుగు చదివేవాళ్ళెవరు?"

ఇక రోజూ పదకొండు గంటలకు ఆమె పేము కుర్చీలో, నేను కింద చాప మీద. మొదట్లో భయంతో గబగబా చదివేదాన్ని. "కామా దగ్గర ఊపిరి తీసుకో, ఫుల్‌స్టాప్ దగ్గర టీ తాగు. మనల్నెవరూ తరమట్లేదు" అనేవారు.

అలా రెండేళ్ళలో ఆ ఊరు నాకు మా ఊరంత తెలిసిపోయింది. ప్రతిరోజు రాత మొదలయ్యేది చీపురుతోనే. తెల్లారకముందే ఆడవాళ్ళు ఇంటిముందు మట్టినేల ఊడుస్తారు, చీపురు గీతలు వరుసగా పడతాయి, వాటిమీద మొదట ఎవరి కాలు పడిందో చూసి ఇంటికెవరొచ్చారో చెప్తారు. అక్కడ నేల ఒకరిది, దానిమీద కొబ్బరిచెట్టు ఇంకొకరిది కావచ్చు. రాలిన మట్ట మాత్రం ఊడ్చినవాళ్ళది. వరి కోసే చిన్న కత్తి అరచేతిలో ఇమిడిపోతుంది. కత్తి కనబడితే వరితల్లి బెదురుతుందని దాన్ని వేళ్ళ మధ్య దాచుకుని ఒక్కో వెన్నూ కోస్తారు. కోతకు వచ్చిన మనిషిని పొమ్మనకూడదు, కోసినదాంట్లో వాళ్ళకూ ఇంత ఇవ్వాలి. పైరులో గింజ పడే సమయానికి, కడుపుతో ఉన్న మనిషికి పెట్టినట్టు, పుల్లటి పండ్ల ముక్కలు తెచ్చి గట్టుమీద పెడతారు.

అది చదివినప్పుడు నేను ఆగిపోయాను. "మా దిక్కు గూడ అంటరు మేడమ్, వరి పొట్టకొచ్చింది అని."

ఆమె కుర్చీలో ముందుకు వంగారు. "ఇన్నేళ్ళూ నాకు తట్టలేదు చూడు! పక్కన రాయి."

"నేనా?"

"చెప్పింది నువ్వు. నీ చేత్తో రాయి."

అంత పెద్ద చదువు పుస్తకంలో నా వంకర అక్షరాలు ఉన్నాయి. నా జీవితంలో నన్ను అంత గౌరవించినవాళ్ళు లేరు. అలాంటి మనిషికి నేను అబద్ధం చెప్పాను.

అది ఇలా జరిగింది. ఆ ఊళ్ళో ఆస్తి పంచడానికి ఒక మాట ఉంది. కొడుకు కావడి మోస్తాడు, కాబట్టి రెండు బుట్టలు. కూతురు వీపున మోస్తుంది, కాబట్టి ఒక బుట్ట. నేను నవ్వి, "మా దిక్కు ఆ ఒక్కటి గూడ లేదు మేడమ్, చీర పెట్టి సాగనంపుతరు" అన్నాను. ఆమె నవ్వలేదు.

"మీ నాన్న పొలం ఎంత?"

"రెండెకరాలు. నాయిన పోయినంక మా అన్ననే చేస్తుండు."

"అందులో నీకూ వాటా ఉందమ్మా. ఎవరైనా సంతకం అడిగితే ముందు నాకు చెప్పు. ఇవ్వద్దనట్లేదు. ఇస్తే తెలిసి ఇవ్వు."

"సరే మేడమ్" అన్నాను.

నెల తిరక్కుండానే మా అన్న వచ్చాడు. "ఏం లేదు చెల్లె, నాయిన పేరు మీదున్నది నా పేరు మీదికి మార్చాలె. ఆఫీసుల నువ్వొక్క సంతకం పెడితే అయిపోతది."

"మేడమ్‌ను ఒక్కసారి అడిగొస్త అన్నా."

"మనింటి పొలానికి ఆ తార్నాక మేడమ్ ఏంది? నలుగురు వింటే నవ్వుతరు. నీ వాటా నేను తింటున్ననా ఏంది?"

అన్నకు ఎదురు చెప్పడం నాకు చేతకాలేదు. వెళ్ళి సంతకం పెట్టాను, వేలిముద్ర వేశాను. అన్న వంగపండు రంగు చీర కొనిచ్చి బస్సెక్కించాడు. మర్నాడు ఆ చీరతోనే పనికి వెళ్ళాను. టీ అందిస్తుంటే కొంగు ఆమె చేతికి తగిలింది. వేళ్ళతో నలిపి చూసి, "కొత్త చీరే! ఎవరు పెట్టారు?" అన్నారు.

"మా అన్న, మేడమ్."

"ఏంటి విశేషం?"

"ఊరికెనే."

ఆ వారమే ఆమె ఫోన్‌కు జావా పల్లె నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. మేడమ్ అక్కడ ఎవరింట్లో ఉండేవారో ఆ ఇంటి అమ్మ కూతురు పంపింది. వాళ్ళ భాష మేడమ్‌కు బాగా వచ్చు. రెండుసార్లు విని నాకు తెలుగులో చెప్పారు. ఆ అమ్మ బతికుండగానే, ఒకరోజు భోజనాలు పెట్టి, పొలం నోటిమాటగా పంచింది. అప్పుడు కూర్చున్న ఇరుగుపొరుగు ఇద్దరూ ఇప్పుడు లేరు, ఆ కూతురి అన్నా లేడు. కాలువ పక్క మడి మొత్తం తమదేనని అన్న కొడుకులు అంటున్నారు. సాక్ష్యం ఏదైనా ఉంటే తెమ్మన్నాడు ఊరిపెద్ద. "ఆ రోజు నువ్వూ ఉన్నావు కదక్కా, నీ పుస్తకంలో ఉంటే చెప్పు" అని ఆ కూతురు అడిగింది.

"పసుపన్నం తిన్నట్టు గుర్తుంది. ఏ మడి ఎవరికని చెప్పిందో గుర్తులేదు" అన్నారు మేడమ్. "ఊహించి చెప్పకూడదు. రాసి ఉంటేనే చెప్పాలి. నీలం అట్ట పుస్తకం తియ్యమ్మా."

తీశాను. పేజీలు తిప్పాను. దొరికింది. ఇప్పుడది నాకు కంఠతా వచ్చు.

'ఈ రోజు ఇంట్లో భోజనం, పసుపన్నం. పక్కిళ్ళవాళ్ళు ఇద్దరు, నేను. అమ్మ అందరి ముందూ చెప్పింది: కాలువ పక్క మడి, గట్టుమీది పనసచెట్టు వరకు, కూతురికి. ఆడపిల్లకు ఒక బుట్టే కదా అన్నాడు కొడుకు. అమ్మ అంది: మీ నాన్న మంచాన పడ్డ నాలుగేళ్ళూ కావడి ఎత్తింది ఇదే. రెండు బుట్టలు మోసినదానికి ఒకటెట్లా ఇస్తాను?'

చదవడానికి నోరు తెరిచాను. ఇది చదివితే తర్వాత ఆమె ఏమడుగుతారో నాకు తెలుసు. 'మరి మీ అన్న సంగతేంటమ్మా?' అంటారు. చీర సంగతి చెప్పాలి, మాట తప్పానని చెప్పాలి. నా ఒంటిమీద అప్పుడు ఆ చీరే ఉంది. పేజీ తిప్పేశాను.

"ఇందుల లేదు మేడమ్."

"సరిగ్గా చూశావా? పసుపన్నం అని ఏమన్నా ఉందా?"

"చూసిన. లేదు."

ఆమె ఇంకొక్క మాట కూడా అడగలేదు. నా మాట ఆమెకు కళ్ళతో సమానం. ఫోన్ తీసుకుని ఆ భాషలో ఏదో చెప్పారు. నాకు అర్థం కాలేదు కానీ చివర గొంతు పడిపోవడం తెలిసింది.

రేపు చెప్దామనుకున్నాను. ఇంకో పుస్తకంలో వెతికితే దొరికిందని చెప్పొచ్చు, నా సంగతి బయటపడకుండా సర్దొచ్చు అనుకున్నాను. ఆ రేపు పంతొమ్మిది రోజులు సాగింది. మధ్యలో ఒకరోజు, నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే ఆమె తనలో తను అనుకున్నట్టు అన్నారు: "అంత ముఖ్యమైన సంగతి రాయకుండా ఎలా ఉన్నానమ్మా? ఆ రోజు నా బుద్ధి ఎక్కడుంది?" అప్పుడన్నా చెప్పాల్సింది. నేను ఇంకో కాయ తీసుకుని ఈనె లాగాను. ఇరవయ్యో రోజు ఆంటీ ఫోన్ వచ్చింది.

చర్చిలో చాలామంది మాట్లాడారు. పాస్టర్ గారు, ఎప్పుడో ఆమె దగ్గర చదివి ఇప్పుడు తలలు నెరిసినవాళ్ళు. "మేడమ్ రాయని విషయం లేదు" అన్నారొకరు. నేను చెప్పుల దగ్గర నిలబడి విన్నాను. సమాధి దగ్గర అందరూ గుప్పెడు మట్టి వేశారు. నేనూ వేశాను, మనసులో ఏ ప్రార్థనా రాలేదు.

వారం తర్వాత రీసెర్చ్ చేసే అమ్మాయి నోటుపుస్తకాలు క్యాంపస్‌కు తీసుకెళ్ళడానికి వచ్చింది. అట్టపెట్టెలో ఒక్కొక్కటే సర్దుతుంటే నీలం అట్టది నా చేతిలోనే ఉండిపోయింది.

"అక్కా, గది గూడ పెట్టు. ఆటో ఆగుంది."

"ఇందుల ఒక పేజీ ఉన్నది" అన్నాను. తర్వాత మొత్తం చెప్పేశాను. ఆ అమ్మాయి పెట్టె పక్కన చాప మీద కూర్చుంది.

"చీర కోసం గిట్ల చేసినవా అక్కా?"

"చీర కోసం కాదు. మేడమ్ ముందల చిన్నగైతనని."

ఆ అమ్మాయి నా చేతిలోని పుస్తకం తీసుకుంటూ మెత్తబడి, "మేడమ్‌కు తెలిసే ఉంటదిలే. ఆమెకు తెల్వందేముంటది?" అంది.

"తెల్వదు" అన్నాను. "నన్ను నమ్మింది." ఓదార్పు కోసం నేను దాన్ని మార్చుకోలేను.

మర్నాడు ఇద్దరం డిపార్ట్‌మెంట్‌కు వెళ్ళాం. ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి ఎన్నోసార్లు మా ఆయన బండి మీద వెళ్ళాను కానీ క్యాంపస్‌లో ఒక క్లాసు గదిలో కాలు పెట్టడం అదే మొదటిసారి. ఆ అమ్మాయి ఆ పేజీ ఫోటో తీసింది. మేడమ్ దగ్గరే నేర్చుకున్న ఆ భాషలోకి దాన్ని మార్చి రాసింది. "ఆ ఊళ్ళ ఈ అక్షరాలు ఎవరికి తెల్వవు. పుస్తకంల ఉన్నది గిదే అని వినిపిద్దాం, నువ్వు చదువక్కా" అని ఫోన్ నా ముందు పెట్టింది. కామా దగ్గర ఊపిరి తీసుకుంటూ చదివాను. మేడమ్ కూర్చుని వినాల్సిన పేజీని ఖాళీ బెంచీలకు వినిపించాను.

ఫోటో, కాగితం, నా గొంతు అన్నీ ఆ కూతురికి పంపాక, మూడు రోజులకు ఆమె గొంతుతోనే జవాబు వచ్చింది. ఆ అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది. అన్న కొడుకులు ఆ మడిలో అప్పటికే నాట్లు వేసేశారట. ఈ కాగితం తీసుకుని ఆ కూతురు ఊరిపెద్ద దగ్గరకు వెళ్తుందట, ఏది తేలినా కోతల తర్వాతేనట. ఇంకో రెండు వారాలు ముందొచ్చి ఉంటే నాట్లకు ముందే అడిగేదాన్నంది. మేడమ్‌ను తలుచుకుని, అక్క చివర్లో బాధపడిందా అని అడిగింది. మా అమ్మ మాటలు చదివిన ఆ గొంతు ఎవరిది, ఆమెకు దండాలు అని చెప్పింది.

"ఏం చెప్పాలె?" అంది అమ్మాయి.

"లేదన్నది గూడ ఈ గొంతే అని చెప్పు."

"చెప్పాల్నా నిజంగ?"

"చెప్పు."

చెప్పింది. దానికి ఇంకా జవాబు రాలేదు. ఇది రాసే రోజుకు ఆ మడిలో పైరు పొట్టకొచ్చి ఉంటుంది.

ఆ మొదటి జవాబును నా ఫోన్‌లోకి పంపించుకున్నాను. పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు వింటాను. ఆమె మాటల్లో ఒక్కటీ నాకు తెలియదు. కానీ ఆమె మాట్లాడుతున్నంతసేపూ వెనకాల ఎవరో నేల ఊడుస్తున్నారు. చీపురు ఆగి, మళ్ళీ కదులుతుంది. వరుసగా గీతలు పడుతుంటాయి, వాటిమీద ఇంకా ఎవరి కాలూ పడలేదు.