కబ్ద్ మజ్రాలో సుబ్బాయమ్మ

ఎడారిలో గోధుమ వెయ్యమని మామా చెప్పినప్పుడు సత్యం తన కాళ్ల కింది ఇసుక వైపు చూశాడు. ముమ్మిడివరం దగ్గర బురదలో వరి నాట్లు వేసిన మనిషి. గోధుమ మొక్కని కంటితో చూసింది లేదు.

"ఏంటే ఈవిడ? ఇసకలో గోధుమంట!" అని భార్యతో తెలుగులో గొణిగాడు.

"ఎందుకు వెయ్యమంటందో ముందు అడగండి. ఆనక ఇసుక్కుందురు గాని" అంది సుబ్బాయమ్మ.

మామా అంటే వాళ్లకి వీసా ఇచ్చిన కఫీల్ తల్లి నూరియా. జహ్రాలో ఆవిడ ఇంట్లో సుబ్బాయమ్మ పద్నాలుగేళ్లు వంట చేసింది. సత్యం, అంటే వెంకటసత్యనారాయణ, కబ్ద్‌లో అదే కుటుంబానికున్న మజ్రాలో, ఆ ఎడారి తోటలో, మేకల్నీ టమాటా మడుల్నీ చూసుకునేవాడు. ఒకే దేశంలో ఉండి కూడా మొగుడూ పెళ్లాలు శుక్రవారం పూట కలుసుకునేవాళ్లు. ముసలావిడకి ఎనభై దాటాక ఓ రోజు, "నా వంటకి ఇంకో పిల్ల వస్తోంది. నువ్వెళ్లి నీ మొగుడి దగ్గర ఉండు" అంది. మజ్రాలోని రెండు గదులే కువైట్ వచ్చాక వాళ్లకి దొరికిన మొదటి కాపురం. అప్పటికి పెళ్లయి ఇరవై ఆరేళ్లు. వాళ్ల ఒక్క కూతురు బేబి పెరిగి పెద్దదై, తనూ కువైట్ వచ్చి, అబ్బాసియాలో ఒక కుట్టుషాపులో చేరింది కూడా.

గోధుమ కథ మామాయే చెప్పింది. చిన్నప్పుడు జహ్రాలో వాళ్ల నాన్న బావి నీళ్లతో గోధుమ పండించేవాడట. కొత్త గోధుమతో వాళ్లమ్మ హరీస్ చేసేదట. మాంసం, గోధుమ కలిపి పొద్దంతా ఉడికించి, మెత్తగా మెదిపిన ముద్ద. "షాపు గోధుమతో చేస్తే ఆ రుచి రావడం లేదు" అని చిన్నపిల్లలా చెప్పింది.

మొదటి ఏడు పైరు మోకాలెత్తు కూడా రాలేదు. ఉప్పునీళ్లకి నేల తెల్లగా పొరకట్టింది. మిగిలినదాన్ని ఇసుక గాలి కప్పేసింది. సత్యం రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మూడో రోజు లేచి మేకల ఎరువు బళ్లకొద్దీ తోలాడు. గాలికి అడ్డంగా ఖర్జూరపు మట్టలతో దడి కట్టాడు. మంచినీళ్ల ట్యాంకరు కోసం మామా చేత కొడుక్కి చెప్పించాడు. నవంబర్లో మళ్లీ విత్తనం జల్లాడు. సంక్రాంతి నెలకి అరెకరం మేర పచ్చగా లేచింది. పొద్దున్నే సుబ్బాయమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని వెళ్తే, ఆయన గట్టు మీద గొంతుక్కూర్చుని దాన్నే చూస్తుండేవాడు.

ఆ జనవరిలోనే ఖాసిం వలికి ప్రమాదం జరిగింది.

ఖాసిం వలిది రాయచోటి. పక్క మజ్రాలో ఒంటెల్ని కాసేవాడు. కంటైనరు లాంటి రేకుల గదిలో ఒక్కడే ఉండేవాడు. చలికి వణుకుతూ ఒక సాయంత్రం వస్తే సుబ్బాయమ్మే తన కుంపటి ఇచ్చి, "తలుపు గట్టిగా ఏసుకో తమ్ముడా, గాలి రానీకు" అని జాగ్రత్త చెప్పి మరీ పంపింది. తెల్లారి ఒంటెలు అదేపనిగా అరుస్తుంటే సత్యం వెళ్లి చూశాడు. తలుపు కొడితే పలకలేదు. సుబ్బాయమ్మని కేకేసి, గునపంతో గడియ విరగ్గొట్టి ఇద్దరూ కలిసి అతన్ని ఇసుకలోకి ఈడ్చుకొచ్చారు. ఊపిరి ఉందో లేదో అన్నట్టుంది. మామా కొడుకు ముగ్గుర్నీ బండిలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

"బొగ్గుల గాలమ్మా. మూసిన గదిలో రంగూ వాసనా లేకుండా మనిషిని చంపేస్తుంది" అని అక్కడి తెలుగు నర్సు చెప్పింది.

సుబ్బాయమ్మ ఆ మాట మళ్లీ చెప్పించుకుంది. కుంపటి ఇచ్చింది తను. తలుపు వేసుకోమన్నది తను. నాలుగో రోజు ఖాసిం వలి కళ్లు తెరిస్తే, మంచం పక్కన కూర్చుని ఏడ్చేసింది.

"నా చేతుల్తో నేనే ఇచ్చాను తమ్ముడా."

"సలికి ఓర్వలేకుండా ఉంటే ఇచ్చినావక్కా. నీకు తెలిసి చేసినావా? నాకూ తెల్దు, నీకూ తెల్దు. ఈడ ఎవురికీ తెల్దు" అన్నాడతను నీరసంగా.

ఎవరికీ తెలియదన్న ఆ మాట ఆమెను పట్టుకుంది. ఆ శుక్రవారమే చుట్టుపక్కల మజ్రాలకి నడిచి వెళ్లింది. బెంగాలీలు, రాజస్థాన్ వాళ్లు, మనవాళ్లు. తన విరిగిన హిందీలో చెప్పింది. కొందరు విన్నారు, కొందరు నవ్వారు. బేబి వచ్చి, "అన్ని మజ్రాలకీ నడుస్తావేంటమ్మా? నీ గొంతు ఇక్కడ పెట్టు" అని రికార్డు నొక్కి ఫోన్ ముందు పెట్టింది.

"నాయనా, నేను కబ్ద్‌లో సుబ్బాయమ్మని. కుంపటి ఎర్రగా ఉన్నా బయటే పెట్టండి. కిటికీ కాస్త తెరిచి పడుకోండి. చలేస్తే దుప్పటి నన్నడగండి, నేను తెచ్చిత్తాను" అంది.

ఆ మాటలు ఫోన్లలో అబ్బాసియా దాటి, ఉత్తరాన సరిహద్దు దగ్గరి అబ్దలీ మజ్రాల దాకా పోయాయి. అబ్బాసియా తెలుగువాళ్లు దుప్పట్లు మూటలు కట్టి పంపారు. ఒక మజ్రా యజమాని మాత్రం, నా పనివాళ్ల గదుల్లో నీకేం పనని ఆమె మీద కేకలేశాడు. ఆమె తల వంచుకుని తిరిగొచ్చింది. సంగతి విని మామా చేతికర్ర అందుకుంది. "యల్లా, బండి తియ్యి" అని కొడుకుతో చెప్పి నేరుగా ఆ యజమాని తల్లి దగ్గరికి వెళ్లింది. ఇద్దరు ముసలమ్మలూ రెండు గంటలు కూర్చుని ఏం మాట్లాడుకున్నారో గానీ, మర్నాడు ఆ గదులకి కరెంటు హీటర్లు వచ్చాయి.

సత్యం మాటల మనిషి కాదు. ఒక శుక్రవారం ఆమె బయల్దేరుతుంటే డ్రిల్లింగ్ మిషను సంచిలో వేసుకుని వెంట నడిచాడు.

"మీరెందుకండీ?"

"కిటికీ లేని గదులకి నువ్వెంత చెప్పినా ఏం లాభం? కన్నాలు పెడతాను" అన్నాడు.

ఏప్రిల్లో కోతకి పక్క మజ్రాల వాళ్లు పదకొండు మంది వచ్చారు. ఖాసిం వలి అందరికంటే ముందు కొడవలి పట్టాడు. మామా కుర్చీ వేయించుకుని గట్టు మీద కూర్చుంది. ఒక కంకి నలిపి, పొట్టు ఊది, గింజలు నోట్లో వేసుకుంది. నమిలి, నమిలి, కళ్లు తుడుచుకుంది. ఆ రోజంతా సుబ్బాయమ్మ పెద్ద డేగిసాలో హరీస్ ఉడికించింది. పొద్దున్నే కోసిన మొదటి మోపు నూర్చి దంచిన గింజలు కొన్నే కాబట్టి ఎవరికీ సరిగా కడుపు నిండలేదు. అయినా అడుగు గీక్కుని మరీ తిన్నారు. సత్యం చెయ్యి కడుక్కుంటూ, "వచ్చే ఏడు ఎకరం వేద్దామంటే మామా ఏమంటదో అడుగు" అన్నాడు భార్యతో.