రోడ్డు పక్కన చాపిన పడుగు

నేను ధర్మవరానికి కోడలుగా వచ్చేటప్పటికే మా మామకు మోకాళ్లు పట్టేసినాయి. పట్టుచీరలు నేసేవాళ్లు మగ్గం గుంతలోకి కాళ్లు దిగవిడిచి కూచుంటారు. పొద్దున కూచుంటే మళ్లీ లేచేది కూటికే. చిన్నప్పటి నుంచి అట్లే కూచోని కూచోని, పైకి లేవాలంటే మామ ఒక చెయ్యి మగ్గం మీద, ఒక చెయ్యి మా ఆయన భుజం మీద వేసి లేస్తాండె.

ఆస్పత్రికి తీసుకొని పోతే డాక్టరు ఆ కాళ్లు వంచి, చాపి చూసినాడు.

"మందు నేనిస్తా, నడక మాత్రం నువ్వే నడవాల. పొద్దున పూట సమంగా ఉండే నేల మీద నడువు. లేదంటే మంచం దిగలేవు" అన్నాడు. ఆ మాట విని మా అత్త బయటికొచ్చి ఆస్పత్రి మెట్ల మీదనే కూలబడింది.

సమంగా ఉండే నేల మా వీధిలో యాడుండాది? అడుగడుక్కీ బండరాళ్లు, ఇంటింటి ముందర నీళ్ల కాలవ. ఉన్నదల్లా రోడ్డుకు అవతల కొత్తగా వేసిన పార్కు. మన్ను దిమ్మిస కొట్టి చదును చేసిన బాట, పక్కన కానుగ చెట్లు, కూచోడానికి సిమెంటు బెంచీలు, సాయంత్రమైతే రేడియో. మా వీధి కొసన నిలబడితే దాని గేటు కనపడేది. మధ్యలో బస్సులూ లారీలూ తిరిగే రోడ్డు, మా వీధి పక్కనే దానికొక మలుపు. అదే వచ్చిన చిక్కు.

అత్తకు పొయ్యి దగ్గర పని, మా ఆయనకు మగ్గం. అందుకని మామను చెయ్యి పట్టుకొని నేనే తోడుకొని పోతాంటి. కొన్నాళ్లు బాగానే జరిగింది. ఒకనాడు రోడ్డు నడిమధ్యకు వచ్చినాక మామ కాలు లేవలేదు. అదే వేళకు శెనక్కాయల లారీ ఒకటి మలుపు తిరిగి దూసుకొచ్చింది. నేను మామను లాగితే ఇద్దరమూ కింద పడితిమి. డ్రైవరు బ్రేకు తొక్కి, తల బయటికి పెట్టి, "ఏమప్పా పెద్దాయనా, చావడానికి నా లారీనే దొరికిందా!" అని అరిచి పోయినాడు. వాడూ బెదిరిపోయినాడులే పాపం.

దెబ్బలేమీ తగల్లేదు. మామకు ధైర్యం మాత్రం పోయింది. మర్నాడు చెప్పులు తెచ్చి ముందర పెడితే, "వద్దమ్మా. నాతో పాటు నిన్ను కూడా చంపుకోవాల్నా? కాళ్లు పోతే పోనీలే" అని గోడ పక్కకు తిరిగి పడుకున్నాడు. నడక నిలిచిపోయినాక, గుంతలో నుంచి ఆయన్ను లేపడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చింది. అత్త మాట్లాడడం తగ్గించేసింది. డాక్టరు చెప్పిన మంచం మాకందరికీ కండ్ల ముందర కనపడతాండె.

మా ఎదురింట్లో ఒక పెద్దాయన ఉండె. ఆయనా నేత మనిషే. మామా ఆయనా ఒకరినొకరు ఎగతాళి చేసుకోకుండా పొద్దు గడిపినోళ్లు కాదు. ఆయన ఒకనాడు తెల్లారేసరికి పడుగు చాపడానికి కర్రలు మోసుకొని బయటికొచ్చినాడు. పడుగంటే చీరకు నిలువునా వచ్చే దారం. దాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు కర్రలకు బిగించి, తెగిన పోగులు ముడేసి, చిక్కులు తీసి, ఎండ ముదిరేలోగా చుట్టి పెట్టుకోవాల. ఎప్పుడూ వీధిలోనే చాపేది. ఆ దినం ఆయన నేరుగా రోడ్డు దగ్గరికి పోయి, మలుపు పక్కన కర్రలు పాతినాడు.

"ఏం నాయనా, ఈడ చాపుతాండావు? దుమ్ము పడదా?" అని ఆయన కొడుకు అడిగినాడు.

"దుమ్ము పడకుండా చూసుకునేది బండ్లోళ్ల పని" అన్నాడాయన.

ధర్మవరంలో పడుగు పక్కన వేగంగా పోయే బండి ఉండదు. పట్టు మీద దుమ్ము పడితే చీర పాడైపోతుందని ఎద్దులబండి తోలే వానికి కూడా తెలుసు. ఆ దినం వచ్చిన మొదటి బస్సు మలుపు తిరిగి, పడుగును చూసి, పెండ్లి ఊరేగింపు మాదిరి మెల్లగా కదిలింది.

"ఏమబ్బా, రోడ్డు మీ తాతదా?" అన్నాడు బస్సు డ్రైవరు.

"రోడ్డు నాది కాదులేప్పా, దారం నాది. దుమ్ము లేపినావంటే నీ చెల్లెలి పెండ్లికి ఈ మచ్చల చీరే ఇస్తా!"

బస్సులో అందరూ నవ్వినారు. పెద్దాయన మా వాకిట్లోకి వచ్చి, "లేయబ్బా! నీ కోసరం బస్సును నిలబెట్టినా. పెండ్లికొడుకు మాదిరి పోదువు గానీ రా" అన్నాడు. మామ తిట్టుకుంటానే లేచినాడు. రోడ్డు దాటేదాకా నా చెయ్యి పిండేసినాడు. అవతల గేటు పట్టుకున్నాక గానీ ఊపిరి వదల్లేదు.

ఆ తర్వాత మా వీధిలో ఎవరికి పడుగు ఉంటే వాళ్లు ఆడనే చాపినారు. ఎవరూ ఎవరికీ చెప్పుకున్నది లేదు. ఎవరికీ పడుగు లేని దినాల్లో పెద్దాయన ఒక పాత నూలు పడుగు, దేనికీ పనికిరానిది, కర్రలకు కట్టి పెట్టేటోడు. ఒకసారి ఒక లారీ డ్రైవరుకు అనుమానం వచ్చి, దిగి తాకి చూసినాడు.

"ఏమప్పా, ఇది పట్టు కాదే! పాత నూలు!"

"పట్టు యాడుండాదో అటు చూడు" అని పెద్దాయన రోడ్డు వైపు చెయ్యి చూపించినాడు. ఆ వేళకు మామ ఒక్కడే కాదు, వెనకాల మా అత్త, వీధిలో ఆడోళ్లు, నడుము నొప్పులోళ్లు అందరూ రోడ్డు దాటుతాండ్రి. డ్రైవరు వాళ్లందరూ పోయేదాకా నిలబడి, నవ్వుకుంటా లారీ ఎక్కినాడు. తర్వాత కర్రలు లేని దినాల్లో కూడా ఆ మనిషి మలుపు దగ్గర మెల్లగానే పోతాండె.

పార్కులో ఆడోళ్లు మొదట సిగ్గుపడి గేటు దగ్గరే నిలబడేటోళ్లు. అత్త కొంగు బిగించి ముందర నడిచింది. "ఏమమ్మా, మొగునితో పందెమా?" అని ఒకామె అంటే, "ఇన్నేండ్లూ ఆయన కూచోని గెలిచినాడు, ఇప్పుడు నడిచి గెలవమను!" అనింది. అత్త మళ్లీ అట్లా మాట్లాడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

మా చెల్లెలి పెండ్లికి అందరమూ మా పుట్టినూరు పెనుకొండకు పోయినాము. బస్టాండుకు మా నాయన బండి కట్టుకొని వచ్చి, వియ్యంకుని కోసం మెత్తగా గడ్డి పరిచి పెట్టినాడు. మామ బస్సు దిగి, "ఆడోళ్లనూ పెట్టెలనూ ఎక్కించు బావా. నేను నడిచొస్తా" అన్నాడు.

"అయ్యో, ఊర్లో ఏమనుకుంటారు? వియ్యంకుని నడిపించినాడంటారు!" అని మా నాయన ఎంత బతిమాలినా మామ వినలేదు. ఇంక చేసేది లేక ఆయన కూడా పక్కనే నడిచినాడు. ఇల్లు చేరేసరికి రొప్పుతా ఉండింది మా నాయనే.

బండిలో నా పక్కన కూచున్న అత్త దావంతా వెనక్కి తిరిగే చూస్తాండె. నేను మాత్రం కండ్లు తుడుచుకుంటా, మా వీధివాళ్లను ఒక్కొక్కరినీ తలుచుకొని, మనసులోనే దండం పెట్టుకున్నాను.