ఆగ్నేయ మూల జనరేటర్

మా దివిసీమ ఆసుపత్రి తుఫానుకు ఎంత తట్టుకుంటుందో మార్కులు వేయడానికి ఈ రోజు బందరు నుంచి ఒక అధికారి వచ్చారు. జనరేటర్ కనబడగానే పదికి పది వేశారు. నాకు ఒళ్లు మండింది. పోయిన తుఫానులో ఆ జనరేటర్ నీళ్లలో మునిగిపోతే, టార్చిలైటు వెలుగులో కాన్పు చేసిన నర్సును నేనే.

"అది పల్లంలో ఉందండీ. ఆ వెనక అరుగు మీదకి మార్పించమని రాయండి," అన్నాను.

"అరుగు ఈశాన్యంలో ఉంది కదమ్మా! నిప్పుతో పనిచేసేది ఆగ్నేయంలోనే ఉండాలి," అన్నారాయన. మా డాక్టరుగారు కూడా తలూపారు.

మీ ఊళ్లో వరదనీళ్లు వాస్తు చూసుకుని వస్తాయా అండీ? మా ఊళ్లో రావు. ఇంటికొస్తూ టార్చిలైటుకి కొత్త బ్యాటరీలు కొనుక్కొచ్చాను.