దుంపల్లా బిడ్డలు మొలిచే దేశం

కనక చెప్పే దేశంలో ఆడవాళ్ళకు కడుపులు రావు. తొలకరి పడ్డాక కొండవాలున తీగ లేస్తుంది, తీగ కింద బిడ్డ ఊరుతుంది. అడవిదుంపను తవ్వినట్టే గునపంతో మట్టి తీసి, వేలికి మెత్తగా తగలగానే ఆగి, రెండు చేతులతో ఎత్తుకోవాలి. ఎవరు తవ్వితే వారి బిడ్డ కాదు. ఏడ్చినప్పుడు ఎవరి దగ్గర పాలుంటే వారి బిడ్డ. అక్కడ మగవాళ్ళకూ పాలొస్తాయి. సంతకు పోయేవాడు బిడ్డను చంకనేసుకునే పోవాలి.

చోడి (రాగి) చేలో కలుపు తీస్తూ ఆమె ఇదంతా చెబుతుంటే ఆడవాళ్ళు నడుములు పట్టుకుని నవ్వేవారు.

"మీ ఆయనకి పాలొత్తే సారా వాసనేత్తాయి కదే" అంది ఒకామె.

"అందుకే ఆ దేశంలో గుంటలు ఏడవరు, తొంగుంటారు" అంది కనక.

జి.మాడుగుల పైన, గెడ్డ అని పిలిచే కొండవాగుకు అవతల, పన్నెండు గడపల ఊరు అది. 1995లో కాపురానికి వచ్చిన కనక ఏడేళ్ళలో నలుగురిని కన్నది. జ్వరమో విరేచనాలో, నలుగురూ ఏడాది నిండకుండా పోయారు. అడవితల్లి ఒడి అంటూ క్యాలెండర్లకు బొమ్మలు వేసేవాళ్ళెవరూ ఆ గెడ్డ దాటి రాలేదు. వానాకాలంలో నర్సూ దాటదు.

ఆ ఊళ్ళో కొత్త మనిషి పుట్టడు. పోయిన పెద్దల్లో ఒకరు తిరిగి వస్తారు. మంచిరోజులు చూసే పెద్ద సుక్రును దిసారి అంటారు. బిడ్డ పుట్టిన తొమ్మిదో రోజున అతడు ఆకుడొప్పలో నీళ్ళు పోసి, పోయినవారి పేర్లు పలుకుతూ ఒక్కొక్క బియ్యపు గింజ వదులుతాడు. ఏ పేరుకు గింజ తేలితే బిడ్డ ఆ మనిషి. అది తెలిసేదాకా పసివాళ్ళను గెడ్డ దాటించకూడదు; పేరులేని ప్రాణానికి వెనక్కి దారి తెలియదట. కనక బిడ్డలు నలుగురికీ ఒకే పేరు తేలింది, చిట్టి. మామగారి తల్లి. మొగుడు కొట్టాడని అలిగి కొండెక్కి మళ్ళీ దిగని మనిషి. ముసలిది వస్తోంది, కనక ఇల్లు నచ్చక పోతోంది అని ఊరు తేల్చింది. ఆ కొట్టినవాడు ఎవరి కడుపున పుట్టాడో మాత్రం ఎవరూ ఆరా తీయలేదు.

2003 శ్రావణంలో అయిదోది పుట్టింది, ఆడపిల్ల. అయిదో రోజున పాలు పట్టడం మానేసింది. ఒళ్ళు పెనంలా ఉంది. ఆ పూట గెడ్డ మోకాలి లోతుకు తగ్గింది. మళ్ళీ వాన పడితే దారి లేదు. మిగిలిన నాలుగు రోజులూ ఆగుదామన్నాడు భర్త ఫల్గుణ. కనక బిడ్డను ఎత్తుకుపోయి సుక్రు గుమ్మంలో కూర్చుంది.

"నాలుగుసార్లూ చిట్టే వొచ్చింది కదా మావా. మళ్ళీ అడగడం దేనికి? పేరు తెలిసిందే. దాటనీ."

గింజను అడగకుండా మాట ఇవ్వనని సుక్రు డొప్ప తెచ్చాడు. చిట్టి అన్నాడు. గింజ మునిగింది. మరో పేరు పలికాడు, అదీ మునిగింది. తనకు గుర్తున్న పెద్దలందరూ అయిపోయేసరికి డొప్ప అడుగు తెల్లబడింది.

"రోజు కాని రోజున అడిగించావు. ఎవలూ పలకలేదు" అన్నాడు.

"పలక్కపోతే ఇది కొత్తది. దీన్ని ఎనక్కి పిలిసీవోళ్ళు ఎవలూ లేరు" అని లేచింది కనక.

ఫల్గుణ ఒడ్డుదాకా వచ్చి ఆగిపోయాడు. ఆమె దాటింది.

ఆస్పత్రిలో పదకొండు రోజులున్నారు. సూదులు పడ్డాక బిడ్డ కళ్ళు తెరిచింది. ఈలోగా కనకకూ జ్వరం పట్టి పాలు ఎండిపోయాయి.

తిరిగొచ్చిన రోజు ఊరంతా సంతోషించింది, దూరంగా నిలబడి. తొమ్మిదో రోజు దాటాక గింజను మళ్ళీ అడగరు; ఏ పెద్దా కాని పసిదాన్ని ముట్టుకోవడానికి చేతులు రాలేదు. తోటికోడలు స్వర్ణకు మూడు నెలల కొడుకు. పాలు పొంగి రవిక తడిసి ఉంది. కనక నేరుగా పోయి బిడ్డను ఆమె ఒళ్ళో పెట్టింది. బిడ్డ మూతి అటూ ఇటూ వెతుక్కుంది. స్వర్ణ గుమ్మంలో ఉన్న అత్త వైపు చూసి, బిడ్డను జాగ్రత్తగా చాప మీదికి దించింది.

"ఇది ఎవలో తెలవాలి కదక్కా. నాకూ గుంటడున్నాడు."

"ఎవలైతే ఏటి? ఆకలేసింది."

ఆ తర్వాత స్వర్ణ కూడా ఏడ్చిందని చెప్పారు. ఏడుపు పాలు కాదు.

చోడిగంజి మీది తేటలో గుడ్డ ముంచి కనక పదమూడు రోజులు పిండింది. లోపలికి పోయినదాని కంటే బయటికి వచ్చిందే ఎక్కువ. బిడ్డ పోయిన పొద్దున సుక్రు వేలికి మసి రాసుకుని వచ్చాడు. పోయిన పసివాళ్ళ చెవి వెనక మసి పెట్టి పాతితే, తిరిగి పుట్టినప్పుడు అక్కడి మచ్చ చూసి గుర్తుపట్టవచ్చని వాళ్ళ నమ్మకం. కనక ఆ చేతిని పట్టుకుని పక్కకు తోసింది.

"ఎవలూ కాదన్నావు కదా మావా. ఎవలై వత్తాది?"

సుక్రు ఆ వేలిని పంచెకు తుడుచుకున్నాడు. తొడ మీద సూదులు గుచ్చిన చోట్లు తప్ప వేరే గుర్తేమీ లేకుండా ఆ పిల్లను పాతిపెట్టారు.