అట్టాగేనండి

ఆ రోజుల్లో పల్నాట మాట తప్పితే తల తీసేవాళ్ళని మా నాన్న గొప్పగా చెప్పేవాడు. (తీయించుకున్నవాళ్ళ సంగతి చెప్పేవాడు కాదు.) అలాంటి సీమలో పుట్టి, మాట ఇవ్వకుండానే ఇచ్చినట్టు కనబడే విద్యలో ఆరితేరానంటే అంతా గురుకటాక్షం. పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన కాలం. మాచర్ల వైపు ఒక సమితి ఆఫీసులో గుమాస్తాగా చేరాను. పైన ఇద్దరు దేవుళ్ళు, ఓట్లు నెగ్గిన ప్రెసిడెంటుగారూ, పరీక్షలు నెగ్గిన బీడీవోగారూ. ఒకరెక్కిన జీపు రెండోవారు ఎక్కేవారు కాదు. చేరిన కొత్తల్లోనే బీడీవోగారు నన్ను పిలిచి ఉపదేశించారు. "ప్రెసిడెంటుగారు ఏం చెప్పినా కాదనకు, జనం గెలిపించిన మనిషి. అలాగని చేసెయ్యకు, మనకు రూల్సున్నాయి. నోటితో అట్టాగేనండి అను. చెయ్యి మాత్రం కదపకు."

ఒకనాడు ప్రెసిడెంటుగారు నా బల్ల దగ్గరికొచ్చి, "ఏమయ్యా గుమాస్తా, క్రైస్తవపేటలో ఆడోళ్ళు వాగులో చెలమలు తోడుకోలేక చస్తన్నారు. గురువారం తూటాలోళ్ళని పంపిచ్చు, బావి మొదలెడదాం" అన్నారు. (మా నేలంతా నాపరాయి. తూటాలు పేల్చందే బావి దిగదు.) ఆ బావికి మంజూరు రాలేదని నాకు తెలుసు. అయినా చేతులు కట్టుకుని "అట్టాగేనండి" అన్నాను. అంటే పని అయినట్టేనని ఆయన లెక్క, విన్నామని మా లెక్క.

గురువారం పొద్దున్నే ఆయన నన్నూ జీపెక్కించుకుని పేటకు బయలుదేరారు. (దారిలోనైనా చెప్పొచ్చుగా అంటారేమో. జీపు చప్పుడు ఎక్కువ.) అక్కడ జనమంతా మా కోసం నిలబడి ఉన్నారు. రాళ్ళు ఎగిరిపడతాయని ప్రెసిడెంటుగారు ముందే చెప్పారట, తమ ప్రార్థన పాకను వాళ్ళే విప్పేసుకున్నారు. తాటాకు ఒక పక్క, వాసాలు ఒక పక్క పేర్చి ఉన్నాయి.

"తూటాలోళ్ళేరయ్యా?"

"మంజూరు రాలేదండి."

"మరి అట్టాగే అన్నావేంది?"

"అది... ఊరికే అన్నానండి."

పిల్లలు కిసుక్కుమన్నారు. భూమి చీలితే బాగుండుననిపించింది. తూటాలు లేందే అదీ చీలదు. "ఇంతమంది ముందు నా మాట తీశావు గదరా" అని ప్రెసిడెంటుగారు తల దించుకున్నారు. నేను పనికిమాలినవాణ్ణన్న విషయంలో ఆ సాయంత్రం ఆయనా బీడీవోగారూ మొదటిసారి ఏకమయ్యారు. తనకేమీ తెలియదని బీడీవోగారు నా ముందే అన్నారు. నేను కాదనలేదు, అలవాటు తప్పిపోయింది.

ఆదివారం సిగ్గు చంపుకుని సైకిలు మీద పేటకు వెళ్ళాను. అందరూ ఎండలో కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నారు. పాక అలాగే కుప్పగా పడి ఉంది. ప్రార్థన అయ్యాక అక్కడి బడి పంతులమ్మ నా దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"కట్టుకుంటే మళ్ళీ ఇప్పాల్సొచ్చుద్దేమోనని ఆగాం. ఆఫీసులో ఉండేవాడివి, నువ్వు చెప్పయ్యా. బావి వచ్చుద్దా, రాదా?"

అంత జరిగాక కూడా నా మాట కోసమే కాచుకుని ఉన్నారు! "ఈ ఏడు రాదమ్మా. కట్టుకోండి" అన్నాను.

"ఆ ముక్క మొన్ననే చెప్తే చానా మేలు చేసినోడివయ్యేవాడివి" అని, నా చేతిలో తాడు పెట్టి వాసం పట్టుకోమంది.

ఆనాటి నుంచి ఉద్యోగమంతా నిజమే చెప్పానని రాస్తే మా ఆవిడ పడి పడి నవ్వుతుంది. తాడు ముడి వెయ్యడం కూడా రాక పేటవాళ్ళందరి ముందూ మళ్ళీ నవ్వులపాలైన ఆ కుర్ర గుమాస్తాను తలుచుకుంటే నాకూ నవ్వొస్తుంది. కానీ వాడు ఆ పూట చెప్పినంత సూటిగా "రాదమ్మా" అని చెప్పడం, ఆఫీసరునయ్యాక నాకు ఎక్కువసార్లు చేతకాలేదు.