పొట్టివాళ్ళ ఎత్తుకి

మా మాస్టారు పోయారని మంగళవారం పొద్దున్న ఫోను వచ్చింది. అప్పుడు నేను పనిచేసే స్కూల్లో పిల్లల హాజరు వేస్తున్నాను. ముందు దుఃఖం వచ్చిందని రాస్తే బాగుంటుంది కానీ అది అబద్ధం. ఇక ఆయనకి ఆ మాట చెప్పక్కర్లేదన్న తేలిక వచ్చింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ఆ తేలిక తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. అందుకే ఆ మాట మీకు చెబుతున్నాను.

ఆయన చల్లపల్లి వైపు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాక, బెజవాడలో కరకట్ట పక్క ఖాళీ జాగాలో మాకు విలువిద్య నేర్పేవారు. ఆరడుగుల మనిషి. భుజం మీద మంగళగిరి తువ్వాలు, చేతిలో పాత స్కోపు. డెబ్భై మీటర్ల అవతల బాణం ఎక్కడ గుచ్చుకుందో మామూలు కంటికి ఆనదు కదా. స్టాండు మీద బిగించిన ఆ గొట్టంలోంచి చూసి గడియారం లెక్కన చెప్పేవారు. "మూడు గంటల వైపు, ఎనిమిది" అంటే బాణం కుడికి పోయి ఎనిమిది పాయింట్లు తెచ్చిందని. దాన్నిబట్టి మేం వింటి మీద గురి చూసుకునే సైటు జరుపుకునేవాళ్ళం.

మన గాలిలో తేమకి అద్దానికి బూజు పడుతుందని, ఇంటికెళ్ళగానే స్కోపుని తువ్వాల్లో చుట్టి బియ్యం డబ్బాలో దాచేవారు. "బియ్యంలో పెట్టింది చెడదమ్మాయ్" అనేవారు. వాళ్ళావిడ మాత్రం రోజూ అన్నం వండే ముందు ఆయన్ని తిట్టుకునేవారు.

డిగ్రీ చివరి ఏడాది సొంత స్కోపు కొనుక్కుంటానన్నాను. నాతో వన్‌టౌన్‌లో బైనాక్యులర్లు అమ్మే కొట్టుకి వచ్చారు.

"చూసే చోట పైకి వంపు తిరిగింది తీసుకో. పాతిక రెట్లు చాలు."

"ఇది అరవై రెట్లు చూపిస్తుందంటండీ!"

"అప్పుడు ఎండకి లేచే సెగ కూడా అరవై రెట్లు ఆడుద్దమ్మా. పైగా ఇది తిన్నటి గొట్టం. వంపుదైతే పొట్టివాళ్ళ ఎత్తుకి పెట్టొచ్చు. పొడుగువాళ్ళు వంగి చూసుకుంటారు. వంగగలిగినవాడే వంగాలి."

మా అందరిలో పొట్టిదాన్ని నేనే. అయినా ఆయన మాట నాకు పాతకాలపు చాదస్తంలా వినిపించింది. అరవై రెట్లదే కొన్నాను. కొట్టువాడి ముందు నన్ను ఒక్క మాట అనలేదు. వచ్చేటప్పుడు దార్లో వేడి పునుగులు తినిపించారు.

ఆ వేసవిలో రాష్ట్ర జట్టుకి ఎంపిక పోటీలు జరిగాయి. నా చివరి ఆరు బాణాల వంతు మిట్టమధ్యాహ్నం వచ్చింది. రెండు వేసి కొత్త స్కోపులో చూస్తే, టార్గెట్టు కాగే నీళ్ళ అడుగున ఉన్నట్టు కదులుతోంది. నా బాణాలు నడిమి పసుపు వలయంలోనే ఉన్నాయని నాకు నేనే చెప్పుకున్నాను. వెనక ఆయన తన స్కోపులోకి వంగి, "మూడు గంటల వైపు పోతున్నాయమ్మాయ్. సైటు కుడికి జరుపు" అన్నారు. జరపలేదు. మిగతా నాలుగూ అలాగే వేశాను. దగ్గరికెళ్ళి చూస్తే ఆరూ ఆయన చెప్పిన వైపే గుచ్చుకుని ఉన్నాయి. జట్టులో చోటు పోయింది.

ఏమైందమ్మా అంటూ తోటి పిల్లల తల్లిదండ్రులు మూగారు. "మాస్టారికి చూపు ఆనట్లేదండీ. తప్పు చెప్పారు" అన్నాను. నాలుగడుగుల దూరంలో ఆయన తువ్వాలుతో అద్దం తుడుస్తున్నారు. తలెత్తి నన్ను చూశారు. "ఎండ బాగా ఎక్కువగా ఉందండీ" అని మాత్రం వాళ్ళతో అన్నారు.

చూపు ఆనని మనిషి దగ్గర పిల్లల్ని ఎవరుంచుతారు? వానలు పడేలోపు ఆ జాగా ఖాళీ అయిపోయింది. నేనూ వెళ్ళడం మానేశాను. ఉద్యోగం వచ్చాక వెళ్ళి నిజం చెబుదామనుకున్నాను. ఉద్యోగం వచ్చాక సెలవులకి వాయిదా వేశాను. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. నేను తొక్కాను, కడుక్కోనూ లేదు. ఒకసారి బస్టాండులో ఎదురుపడితే, "స్కోపు బియ్యంలోనే పెడుతున్నావా?" అని అడిగారు. పెడుతున్నానండీ అన్నాను. అదీ అబద్ధమే.

మొన్న మాస్టారింటికి వెళ్ళాను. వాళ్ళావిడ పక్కన కూర్చుని, ఆ రోజు తప్పు నాదని, అందరికీ అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను.

"ఆయనకి చెప్పుంటే బాగుండేదమ్మా" అన్నారావిడ.

వసారాలో పాత స్కోపు స్టాండు మీదే ఉంది. సాయంత్రాలు అందులోంచి కృష్ణలో కొంగల్ని చూసుకునేవారట.

"నడుం నొప్పి అంటానే వంగి చూసేవారు. కాస్త పైకి లేపుకోండి అంటే వినేవారు కాదు. 'ఆ అమ్మాయొస్తే మళ్ళీ దించాలి' అనేవారు."

దగ్గరికెళ్ళి నిలబడ్డాను. వంగకుండానే, మడమలెత్తకుండానే నా కన్ను సరిగ్గా అద్దానికి అందింది. దాని మూత తియ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు.